ట్రయల్ రూమ్‌లో ఒకసారి కూర్చోండి

కుట్టు - కొలత: పాఠకుల ప్రశ్నలకు ప్యాటర్న్ మాస్టర్ జవాబులు

పోయిన సంచికలో జీన్స్ నడుం పట్టీ గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఇంతకుముందెప్పుడూ రాలేదు. అందుకే ఈసారి మొత్తం జీన్స్‌కే ఇస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట: మాది ఆదోని. నాన్న దర్జీ. నేను బళ్ళారి జీన్స్ యూనిట్లలో కటింగ్ నేర్చుకుని, తర్వాత బెంగళూరులో ఎగుమతి కంపెనీల్లో పంతొమ్మిదేళ్లు ప్యాటర్న్ మాస్టర్‌గా పనిచేశాను. గుడ్డ కోయడానికి కాగితం మీద గీసే ముక్కల నమూనాని ప్యాటర్న్ అంటాం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆల్టరేషన్ షాపు నడుపుతున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయికి ఉద్యోగం వచ్చి ఆరు నెలలైంది. మొన్న పద్దెనిమిది వేలు పెట్టి డిజైనర్ జీన్స్ కొన్నాడు. వాళ్ల నాన్నగారు రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మా బజారులో తొమ్మిది వందలకు దొరికేదానికీ దీనికీ నా కంటికి తేడా కనిపించలేదు. నిజంగా తేడా ఉంటుందా, పేరుకే అంత డబ్బా?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: తేడా ఉంటుందమ్మా. కాకపోతే పదిహేడు వేల తేడా గుడ్డలోనూ కుట్టులోనూ ఉండదు. నేను కళ్లారా చూసింది చెబుతాను.

బెంగళూరులో ఒకసారి ఒకే మిల్లు నుంచి వచ్చిన ఒకే రకం డెనిమ్ తానులు రెండు ఆర్డర్లకు కోశాం. ఒకటి విదేశాల్లో సరుకులతో పాటు బట్టలూ అమ్మే పెద్ద దుకాణాలది. రెండోది పేరుమోసిన డిజైనర్‌ది. గుడ్డ ఒకటే, కోసిన చేతులూ మావే. మొదటి ఆర్డర్‌కి ఫిట్ శాంపిల్, అంటే ఒంటికి సరిపోతోందో చూడ్డానికి కుట్టే నమూనా, ఒక్కసారి పంపాం, ఓకే అయిపోయింది. డిజైనర్ ఆర్డర్‌కి ఐదుసార్లు వెనక్కి వచ్చింది. వెనక జేబు పావు అంగుళం పైకి జరపమన్నారు. తర్వాత జేబు అడుగుభాగం కొద్దిగా లోపలికి వంచమన్నారు. మోకాలి దగ్గర అర అంగుళం తగ్గించమని, తగ్గించాక మళ్లీ పావు కలపమన్నారు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. కానీ చివరి శాంపిల్ ఒకమ్మాయి వేసుకుని నడిచి చూపించినప్పుడు మా ఫ్లోర్‌లో ఉన్నవాళ్లందరం పని ఆపేసి చూశాం. ముందు వారం ముతకగా వేలాడిన గుడ్డే అది. మీ అబ్బాయి ఇచ్చిన డబ్బులో కొంత అలాంటి శాంపిళ్లకు పోతుంది. కొంత వాషింగ్‌కి, గట్టి దారానికి, మంచి జిప్పుకి పోతుంది. మిగతా పెద్ద భాగం షోరూమ్ అద్దె, ప్రకటనలు, ఆ పేరు.

ఆ పేరు సంగతి కూడా చెప్పాలి. జీన్స్ పుట్టింది కూలిపని చేసేవాళ్ల కోసం. ముతక పనిబట్టలకు ఇంగ్లిష్‌వాళ్లు వాడే డంగరీ అన్న మాట మన ముంబయిలోని డోంగ్రీ నుంచి వెళ్లిందే. అమెరికాలో నెవాడా రాష్ట్రం రీనో ఊళ్లో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. మా ఆయనకు పనిలో చిరిగిపోని ప్యాంటు కావాలని ఒకావిడ అడిగితే, జేబు మూలల్లో రాగి రివెట్లు కొట్టి ఇచ్చాడు. దాని మీద పేటెంటు తీసుకోవడానికి చేతిలో డబ్బు లేదు. తనకు గుడ్డ అమ్మే లీవై స్ట్రాస్‌కి ఉత్తరం రాశాడు. 1873 మే 20న పేటెంటు వచ్చింది. గుడ్డ అమ్మినాయన పేరు ఇవాళ ప్రపంచమంతా తెలుసు. రివెట్ కొట్టిన దర్జీ పేరు ఎంతమందికి తెలుసు? దర్జీ కొడుకుగా నాకు ఆ మాట తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఆ తర్వాత నూరేళ్లకు, 1970ల చివర్లో, అదే కూలీ ప్యాంటు వెనక జేబు మీదికి డిజైనర్ల పేర్లు ఎక్కాయి. గ్లోరియా వాండర్‌బిల్ట్ సంతకంతో ఆడవాళ్ల జీన్స్ తెచ్చిన మోహన్ ముర్జానీ మన భారతీయ కుటుంబంవారే. మగవాళ్ల ప్యాంటునే చిన్నది చేసి ఇవ్వకుండా ఆడవాళ్ల ఒంటికి తగ్గట్టు కోయడం వల్ల అవి బాగా ఆడాయి. అందుకే నేను డిజైనర్ జీన్స్‌ని ఉత్త డాబు అని కొట్టిపారెయ్యను. మొదట్లో ఆ పేరు వెనక మంచి ప్యాటర్న్ ఉంది. 2000లో లాస్ ఏంజెలెస్‌లో సెవెన్ ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్ వచ్చాక వంద డాలర్లు దాటిన జీన్స్ మామూలైపోయింది. అక్కడి నుంచి ధర ఒక దారిన, పని ఒక దారిన నడవడం ఎక్కువైంది.

ఇప్పుడు మీ అబ్బాయి జీన్స్ తిరగేసి మంచం మీద పరవండి. పొడవాటి కుట్టులో రెండు అంచులూ ఒకదానిలో ఒకటి మడిచి జంట కుట్టు వేశారా, లేక అంచు పోగులు ఊడకుండా చుట్టుకుట్టు (ఓవర్‌లాక్) మాత్రం వేసి వదిలేశారా చూడండి. పైకి కనిపించే కుట్లు అంగుళానికి ఏడెనిమిది ఉండి, వరస తప్పకుండా సాగాలి. ముందు జేబు లోపలి సంచి పట్టుకుని చూడండి. పల్చటి తెల్లగుడ్డ అయితే తాళాలు వేసుకునే జేబుకు ఏడాదిలో చిల్లు పడుతుంది. మందంగా ఉన్న నూలుగుడ్డ అయితే కుట్టినవాళ్లకు ఆ ప్యాంటు మీద శ్రద్ధ ఉన్నట్టు. బెల్టు లూప్‌ల దగ్గర, జేబు మూలల్లో, జిప్పు అడుగున చిన్న గట్టి కుట్టు ఉంటుంది, బార్‌ట్యాక్ అంటాం. గోటితో గీకినా దారం లేవకూడదు. ఇవన్నీ బాగుంటే ఆ ప్యాంటు మీ అబ్బాయి దగ్గర ఐదారేళ్లు ఉంటుంది. బాగా లేకపోతే బిల్లు తీసుకుని వెంటనే షోరూమ్‌కి వెళ్లమనండి.

వాడి మీద కోపం వద్దమ్మా. మొదటి జీతాల్లో ఒకటి కొనుక్కున్నాడు. రెండోది కొనేటప్పుడు మాత్రం మీరు చూసిన ఈ లోపలి వైపు వాడికీ చూపించండి.

ప్రశ్న: మాస్టర్ గారూ, ఏ బ్రాండ్ వేసినా తొడల దగ్గర బిగుతు, నడుం వెనక గుప్పెడు పట్టేంత ఖాళీ. ఖరీదైనవి కూడా వేసి చూశాను. ఒకచోట 28 సరిపోతే ఇంకోచోట 30 కూడా పట్టదు. ట్రయల్ రూమ్‌లో అద్దం చూస్తే ఏడుపొస్తోంది. నా ఒంటి తీరే బాగాలేదేమో అని టెన్షన్.
- డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: తల్లీ, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. మా షాపుకి వచ్చే పదిమంది ఆడపిల్లల్లో ఆరేడుగురు ఇదే చెబుతారు. ఇంతమందికి ఒకే ఇబ్బంది ఉందంటే తప్పు ప్యాటర్న్‌లో ఉంది.

అది ఎలా వస్తుందో వివరంగా రాస్తాను. ఒక బ్రాండ్ ఒకే ఒక మనిషిని ఫిట్ మోడల్‌గా పెట్టుకుంటుంది. ఆమె ఒంటి మీద సరిపోయిన ప్యాటర్న్‌నే లెక్క ప్రకారం పెంచుతూ తగ్గిస్తూ మిగతా సైజులు చేస్తాం. నేను చేసిన ఆర్డర్లలో ఆ మోడల్ నడుముకీ సీటుకీ (పిరుదుల చుట్టుకొలతకీ) మధ్య తేడా సుమారు పది అంగుళాలు ఉండేది. నీకు ఆ తేడా పన్నెండో పదమూడో ఉండి ఉంటుంది. తొడలకు సరిపోయే సైజు తీసుకుంటే నడుము దగ్గర ఆ రెండు మూడు అంగుళాలే ఖాళీగా మిగులుతాయి. సైజు ఎంత మార్చినా అది పోదు. బ్రాండ్ మార్చాలి, అదీ కొన్ని గుర్తులు చూసి.

ప్యాంటు వెనకవైపు, నడుం పట్టీ కింద, వి ఆకారంలో ఒక ముక్క ఉంటుంది. దాన్ని యోక్ అంటాం. ఆ వి లోతుగా దిగితే గుడ్డ సీటు మీదుగా వంపు తిరిగి నడుము దగ్గర దగ్గరపడుతుంది. దాదాపు అడ్డగీతలా ఉందంటే ఆ జీన్స్ నీకు ఖాళీ వదులుతుంది. తర్వాత నడుం పట్టీని నేల మీద పరిచినట్టు పట్టుకుని చూడు. తిన్నని పట్టీ అయితే రెండు వైపులా ఒకే కొలత. కొద్దిగా విల్లులా వంగిన పట్టీ అయితే పై అంచు తక్కువ, కింది అంచు ఎక్కువ ఉంటుంది. నీకు కావాల్సింది ఆ వంగిన పట్టీ. మూడోది వెనక రైజ్, అంటే రెండు కాళ్లు కలిసే చోటు నుంచి వెనక పట్టీ దాకా ఉండే పొడవు. డబ్బు మిగుల్చుకోవాలనుకునే కంపెనీలు ముందు కోసేసేది దీన్నే, ఎందుకంటే అక్కడ గుడ్డ బాగా పడుతుంది. అది తక్కువైతే కూర్చోగానే ప్యాంటు కిందికి లాగేస్తుంది. పేరున్న కంపెనీలు కూడా ఈ పని చేస్తాయి.

అందుకే అందరికీ చెప్పేది నీకూ చెబుతున్నాను. ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడి చూసుకుని వచ్చెయ్యొద్దు. అక్కడున్న స్టూల్ మీద కూర్చో. స్టూల్ లేకపోతే గొంతుక్కూర్చో. లేచి నిలబడ్డాక చేత్తో సర్దుకోవాల్సి వచ్చిందా? ఆ ప్యాంటు వదిలెయ్. కూర్చున్నప్పుడు వెనక నాలుగు వేళ్లు సులువుగా దూరితే అది కూడా వదిలెయ్. సాగే గుడ్డ అయితే, అంటే లేబుల్ మీద ఎలాస్టేన్ ఒకటి రెండు శాతం అని ఉంటే, కొన్న రోజు నడుము దగ్గర కాస్త బిగుతుగానే ఉండాలి. నాలుగు గంటలు వేసుకుంటే అర అంగుళం వదులవుతుంది. అంతకన్నా ఎక్కువ సాగే గుడ్డ అయితే మోకాళ్ల దగ్గర సంచుల్లా నిలబడిపోయే ప్రమాదం ఉంది. షాపులోనే మోకాలి దగ్గర గుడ్డని రెండు బొటనవేళ్లతో గట్టిగా లాగి వదులు. వెంటనే చదునుగా వెనక్కి పోవాలి.

28, 30 అన్న అంకెలకు విలువ ఇవ్వకు. కొనేవాళ్ల మనసు సంతోషపెట్టడానికి చాలా బ్రాండ్లు 28 అని రాసిన పట్టీని 30 అంగుళాలు కొలిచేలా కోస్తాయి. నా చేత్తోనే అలా కోయించారు. ఒక టేపు బ్యాగులో పెట్టుకో. నీకు బాగా సరిపోయిన పాత ప్యాంటు నడుము, సీటు, తొడ, ముందు రైజ్, వెనక రైజ్ కొలిచి ఫోన్‌లో రాసుకో. ఆ ఐదు కొలతలే నీ సైజు.

ఇప్పటికే కొన్నవాటిని పారెయ్యొద్దు. తొడలకు సరిపోతే నడుము తగ్గించుకోవచ్చు. మంచి టైలర్ వెనక నడి లూప్, తోలు లేబుల్ విప్పి, పట్టీ తెరిచి, సీటు కుట్టులోంచి గుడ్డ తీసేసి మళ్లీ మూస్తాడు. అంగుళం, మహా అయితే అంగుళంన్నర. అంతకు మించి తీస్తే వెనక జేబులు రెండూ ఒకదానికొకటి అంటుకున్నట్టు దగ్గరకొచ్చేస్తాయి. పక్క కుట్టులో తీస్తానంటే ఒప్పుకోకు, ముందు జేబు పాడవుతుంది.

ప్రశ్న: అన్నా, సెల్వెడ్జ్ డెనిమ్ కొనాలని ఏడాదిగా డబ్బు దాచుకుంటున్నాను. జపాన్ గుడ్డ అంటే అంత గొప్పదా? ఆరు నెలలు ఉతక్కూడదంటారు, నిజమేనా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, కడప

జవాబు: తమ్ముడూ, గొప్పదే. పాత షటిల్ మగ్గాల మీద సుమారు 30 అంగుళాల వెడల్పున నేస్తారు. పోగు అటూ ఇటూ తిరిగి వస్తుంది కాబట్టి అంచు తెగకుండా గట్టిగా మూసుకుపోతుంది. కాలు మడిస్తే కనిపించే ఆ అంచే సెల్వెడ్జ్. అమెరికాలో గ్రీన్స్‌బరో ఊళ్లోని వైట్ ఓక్ మిల్లు 1905 నుంచి డెనిమ్ నేసి 2017 చివర్లో మూతపడింది. ఇప్పుడు ఆ పని బతికున్న చోట్లలో జపాన్‌లో ఒకాయామా వైపు కోజిమా ముఖ్యమైంది. అయితే అంచు ఉన్నంత మాత్రాన గుడ్డ మంచిదని అనుకోకు. నాసి నూలుతో నేసిన సెల్వెడ్జ్ కూడా నా చేతికి వచ్చింది.

నీలిమందు గురించి నీకు కొంచెం ఎక్కువ రాస్తాను, కడప వాడివి కాబట్టి. పంతొమ్మిదో శతాబ్దంలో మీ కడప, పక్కన నెల్లూరు నేలల్లో నీలిమందు విరివిగా పండేది. ఇప్పుడు వాడేది ఫ్యాక్టరీలో చేసిన నీలిమందే అయినా రంగు పట్టే తీరు అదే. తొట్టిలోంచి పైకొచ్చినప్పుడు నూలు పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాక మన కళ్ల ముందే నీలమవుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను మధ్యాహ్నం భోజనం మర్చిపోయి అక్కడే నిలబడ్డాను. అలా చాలాసార్లు ముంచి తీసినా రంగు పోగు పైపొరలోనే ఆగుతుంది, నడిమధ్య తెల్లగా మిగులుతుంది. నీ నడకను బట్టి, జేబులో ఫోన్‌ను బట్టి అరిగినచోట ఆ తెలుపు బయటపడుతుంది. సెల్వెడ్జ్ కొనేవాళ్లు ఎదురుచూసేది దానికోసమే.

ఆరు నెలలు ఉతక్కపోవడం చల్లటి దేశాల మాట. మీ ఊరి ఎండలకి చెమట, ఉప్పు కలిసి కాళ్లు కలిసేచోట గుడ్డను తినేస్తాయి. అక్కడే చిరుగుతుంది. నెలకోసారన్నా తిరగేసి, చల్లటి నీళ్లలో, కొద్దిగా సబ్బుతో చేత్తో ఉతుకు. నీడలో ఆరెయ్. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందన్న మాట నీలిమందు విషయంలో పనిచెయ్యదు. మొదటి నెల తెల్ల బూట్లు, లేతరంగు సోఫాలు జాగ్రత్త. కొనేముందు శాన్‌ఫరైజ్డ్, అంటే మిల్లులోనే ముందుగా కుదించిన గుడ్డ, అవునో కాదో తప్పకుండా అడుగు. కాకపోతే మొదటి తడుపుకే పది శాతం వరకు కుంచించుకుపోతుంది. 34 అంగుళాల పొడవులో అది మూడు అంగుళాల పైమాటే.

ప్రశ్న: చిరుగులు పెట్టి, వెలిసిపోయినట్టు చేసిన జీన్స్‌కి మామూలువాటికన్నా ఎక్కువ ధర ఎందుకండీ? పిల్లలు అవే అడుగుతున్నారు.
- ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: అందులో చేతిపని ఎక్కువ ఉంటుంది సార్. కొత్త ప్యాంటుని బొమ్మకు తొడిగి గరుకు కాగితంతో తొడల మీద రుద్దుతారు. అంచులు, మోకాళ్లు చిన్న గ్రైండర్‌తో అరగదీస్తారు. చిరుగు పెట్టిన చోట నీలం పోగులు తీసేసి తెల్ల పోగులు మాత్రం నిలబెడతారు. ఒక మనిషి ఒక ప్యాంటు మీద చాలాసేపు కూర్చోవాలి.

కానీ ఆ పని ఎవరి ఊపిరితిత్తులతో జరిగిందన్నది కూడా పిల్లలకు తెలియాలి. ఇసుకను గాలి వేగంతో కొట్టి జీన్స్ వెలిసేలా చేసే పద్ధతి ఒకటుంది. టర్కీలో ఆ పని చేసిన కుర్రవాళ్లకు ఊపిరితిత్తుల్లో ధూళి చేరి సిలికోసిస్ వచ్చింది. కొందరు చనిపోయారు. 2009లో ఆ దేశం దాన్ని నిషేధించింది. తర్వాత ఏడాది నుంచి పెద్ద బ్రాండ్లు కూడా మానేస్తామని ప్రకటించడం మొదలుపెట్టాయి. బళ్ళారిలో నేను కటింగ్ నేర్చుకునే రోజుల్లో, మా పక్క గదిలో ఒకాయన పర్మాంగనేట్ మందు స్ప్రే చేసేవాడు. ప్యాంటు మీద ఊదారంగులో పడి, కడిగాక అక్కడ తెల్లబడుతుంది. నాకన్నా పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ముక్కుకు చేతిరుమాలు కట్టుకునేవాడు, అంతే. యజమాని మాస్కు ఇవ్వలేదు, మేం అడగాలని కూడా మాకు తెలియదు. నలభై రాకముందే దగ్గుతో పని మానేశాడు. వెలిసిన జీన్స్ మడతపెట్టేటప్పుడు ఆ అన్న ఇప్పటికీ గుర్తొస్తాడు.

ఇప్పుడు లేజర్‌తో, ఓజోన్‌తో అదే రూపం తెస్తున్నారు. నీళ్లూ మందులూ చాలా తగ్గుతాయి. మీ పిల్లలకు ముదురు నీలం జీన్స్ కొనివ్వండి సార్. రెండేళ్లలో అదే వెలుస్తుంది, వాళ్ల ఒంటి తీరుగా.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ అవుట్‌లెట్‌లో సగం ధరకు డిజైనర్ జీన్స్ తెస్తానంటున్నాడు. ఎన్ని తెప్పించుకోమంటారు?
- గృహిణి, నిజామాబాద్

జవాబు: ఒకటి చాలమ్మా, అది వేసుకుని చూశాక మిగతావి. చాలా బ్రాండ్లు అవుట్‌లెట్ల కోసమే వేరుగా, తక్కువ ఖర్చులో కుట్టిస్తాయి. పేరు అదే, గుడ్డ అదే కాకపోవచ్చు. తేబోయే ముందు లోపలివైపు ఫొటో తీసి పంపమనండి. ఒకసారి ఉతికాక పక్క కుట్టు కాలి ముందుకు మెలి తిరిగి వస్తోందేమో చూడండి. గుడ్డకు సహజంగా ఉండే మెలికను మిల్లులో సరిచెయ్యకపోయినా, ప్యాటర్న్‌ను ఒంకరగా పరిచి కోసినా అలా తిరుగుతుంది. ఏ టైలరూ బాగుచెయ్యలేడు. నాకే ఒకసారి ఖరీదైనదానికి అలా జరిగింది. షోరూమ్‌లో ఉతికినదాన్ని వెనక్కి తీసుకోం అన్నారు.

ప్రశ్న: మాస్టర్ గారూ, 1996లో మా నాన్న టైలర్ దగ్గర కుట్టించుకున్న రఫ్ అండ్ టఫ్ జీన్స్ ఇంకా బీరువాలో ఉంది. మా అబ్బాయి వేసుకుంటానంటున్నాడు. నడుము సరిపోయింది గానీ మోకాలు అరిగి పోగులు కనిపిస్తున్నాయి. బాగవుతుందా?
- బ్యాంకు ఉద్యోగి, అనంతపురం

జవాబు: సార్, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. 1995లో అహ్మదాబాద్ అర్వింద్ మిల్స్‌వాళ్లు రఫ్ అండ్ టఫ్ అని కుట్టించుకునే జీన్స్ కిట్ తెచ్చారు. గుడ్డ, జిప్పు, గుండీ, రివెట్లు, తోలు లేబుల్ అన్నీ ఒకే ప్యాకెట్‌లో. రెడీమేడ్ కొనలేని ఊళ్లలో కూడా జీన్స్ వేసుకునేలా చేసింది అదే. ఆదోనిలో నాన్న కాలు మెషిన్ మీద అవి ఎన్ని కుట్టాడో లెక్కలేదు. నాలుగు మడతలు కలిసిన చోట 18 నంబరు సూదులు కూడా విరిగేవి. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. రివెట్లు సుత్తితో కొట్టడం నా పని. మీ నాన్నగారి ఒంటి కొలత తీసి కుట్టిన ప్యాంటు అది. అంకెల సైజు కాదు కాబట్టే ముప్పై ఏళ్ల తర్వాత మనవడి నడుముకు సరిపోయిందంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది.

తప్పకుండా బాగవుతుంది. మోకాలి మీద పైనుంచి అతుకు వెయ్యనివ్వకండి. లోపలివైపు పల్చటి పాత డెనిమ్ ముక్క పెట్టి, నిలువు పోగుల వెంబడే, గుడ్డ రంగు దారంతో దగ్గరదగ్గరగా రఫూ చెయ్యాలి. దారం రంగు కోసం ఎక్కడా వెలవని భాగం చూడాలి. కాలి అడుగు మడత లోపల దొరుకుతుంది. మీరు హైదరాబాద్ వచ్చినప్పుడు తీసుకురండి, మోకాలు నేనే కూర్చుని చేస్తాను, డబ్బు వద్దు. రివెట్లు వదులుగా ఉంటే లాగకండి, అలాగే ఉంచండి. నాన్న సుత్తి నా దగ్గరే ఉంది.